పురుషోత్తమ చౌదరి

మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండిన ఈ శుభసమయమున సంచిక కొఱకు ఒక మహాపురుషుని జీవితమును వ్రాయుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను పోతనామాత్యుని గూర్చియో, గద్వాల ఆస్థానమును సందర్శించిన పండితులను గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. లెక్కలు వ్రాసి బ్రదుకువాడను, గురుశుశ్రూష లేక స్వయముగా నాలుగు కావ్యములు చదివికొన్నవాడను. ఆ విషయములు నాకు ప్రియమైనవే. అయినను ఒక పాతబాకీ నన్ను వేఱొకవైపునకు లాగుచున్నది. ఆ బాకీ క్రైస్తవకవియైన పురుషోత్తమ చౌదరికి సంబంధించినది.

సుమారు ముప్పది యేండ్ల క్రిందటి మాట. నూర్పిళ్ల దినములు. కల్లముకడ ధాన్యపు కొలతలు వ్రాసికొని సంధ్యవేళ ఇంటికి వచ్చుచుండగా ఆవలిగేరినుండి ఒక కీర్తన వినవచ్చెను. ఎత్తుగడను బట్టి త్యాగరాజస్వామి దేమో యనుకొంటిని. అందలి దైన్యమును బట్టి రామదాసుది కావలె ననుకొంటిని. తీరా చరణమునకు వచ్చునప్పటికి క్రీస్తునామము చెవిని బడెను. పాడినవాడు మా పొలముల కూలికి వచ్చు వృద్ధుడు. మఱునాడు అతనిని విచారింపగా, ఆ కీర్తనలు గల పుస్తకమును తెచ్చి చూపుదునని చెప్పి అట్లే తెచ్చెను. నేను అరుగుమీద కూర్చుండి యుంటిని. అతడు క్రింద నిలిచి రెండు చేతులతో పుస్తకము నందించెను. కూర్చుండుమని నేననలేదు. అతడు నా తండ్రికంటె పెద్దవాడు. ఈ సంగతి ఇన్నాళ్లు ఎవరికిని చెప్పలేదు.

ఆ పుస్తకము ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. ప్రతి కీర్తనకు పైన రాగతాళములు, క్రింద రచయిత పేరు అచ్చువేసియుండిరి. పుటలు త్రిప్పినకొలది ఒకే పేరు మాటిమాటికి కనబడెను. ఆ పేరు గలవాని చరిత్రమును అటుపిమ్మట దొరకిన పుస్తకములలో వెదకి తెలిసికొన్నది ఇచట విన్నవించుచున్నాను.

పురుషోత్తమ చౌదరి 1803 సెప్టెంబరు 5వ తేదీని పర్లాకిమిడి ప్రాంతమునందలి మదనాపురమున జన్మించెను. మన వనపర్తి రోడ్డు స్టేషనున్న మదనాపురము వేఱు, ఇది వేఱు. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్ర. వీరి పూర్వులు వంగదేశీయులైన బ్రాహ్మణులు. తండ్రి పేరు వినగానే ఆ దేశపు శ్రీకూర్మ క్షేత్రము స్ఫురింపక మానదు. బాలుడు పుట్టుటకు ముందటి యేడే, అనగా 1802లో, కుంపిణీవారు ఆ ప్రాంతమున జమీందారులకు శాశ్వతముగా శిస్తు నిర్ణయించిరి. ఉత్తరమున ఓఢ్రభాష, దక్షిణమున తెలుగు, మధ్యమున రెండును కలిసి వాడబడు సరిహద్దునేల అది. పూర్వులది వేఱుభాషయైనను, ఆయన తెలుగును శ్రద్ధగా చదివి తన హృదయభాషగా చేసికొనెను. సంస్కృతమునందును పరిశ్రమ చేసెను. కుటుంబాచారము వైష్ణవము. రాధామణి యను కన్యను వివాహమాడెను.

ఆ కాలమున విశాఖపట్టణమున క్రైస్తవబోధకుల పని పాతబడియే యున్నది. క్రాను, డెగ్రాంజి యను ఇరువురు లండను మిషనరీలు 1805లో అచటికి వచ్చిరి. అయిదారేండ్లలోనే, 1809లో ఒకరు, 1810లో ఒకరు మరణించిరి. ఆనందరాయలను బ్రాహ్మణుని సహాయముతో వారు ఆరంభించిన సువార్తల తెలుగు 1812లో అచ్చుపడెను. అట్టి చిన్న పుస్తకములు చేతులు మాఱుచు పల్లెలకు ప్రాకినవి. అందొకటి యువకుడైన పురుషోత్తముని చేతబడెను. చదివెను, మనస్సు కలతపడెను. ఒక్కనాడు చదివి మఱునాడు మతము మార్చుకొన్నవాడు కాడాయన. ఆ కలత యేండ్ల తరబడి సాగినది. శ్రీకాకుళమున హెలెన్ నాట్ అను దొరసాని యుండెడిది. ఆమె పరిచయమున ఆ గ్రంథములను మఱింత లోతుగా చదువగలిగెను. తుదకు 1833లో కటకపురమున బాప్తిస్మము పొందెను. అప్పటి కాయనకు ముప్పది యేండ్లు.

శ్రీకాకుళ ప్రాంతమునుండి కటకమునకు సుమారు 200 మైళ్ల దారి. రైలు పుట్టని కాలము. పైగా ఆ దినములెట్టివో పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. 1832–33లో, నందననామ సంవత్సరమున, గుంటూరు మండలమున డొక్కల కరువు జనమును బలిగొనెను. పర్లాకిమిడి ప్రాంతమున జమీందారీ తగవులు తిరుగుబాటులై ముదిరినందున, మదరాసు ప్రభుత్వమువారు 1832 చివర రస్సెలు దొరను ప్రత్యేకాధికారము లిచ్చి పంపిరి. నేల యట్లు అల్లకల్లోలమై యున్నపుడు, మనుష్యుడు తన బంధువులను, కులమును, ఇంటికప్పును గట్టిగా పట్టుకొనును. ఈయన సరిగా ఆ వేళనే వానిని విడిచెను.

ఏమి విడిచెనో లెక్కగట్టుట నా వృత్తిధర్మము. మొదటిది కులము. బ్రాహ్మణుడు బాప్తిస్మము పొందెనన్న, బ్రదికియున్నవానికి కర్మకాండ జరిపించిన కాలమది. రెండవది ఆస్తి. దీనిని చాలమంది యెఱుగరు. మతము విడిచినవానికి, వెలివేయబడినవానికి పిత్రార్జితమున హక్కు పోవునని నాటి ధర్మశాస్త్రము. ఆ హక్కు పోరాదని కుంపిణీవారు దేశమంతటికి చట్టము చేసినది 1850లో, ఆ సంవత్సరపు 21వ చట్టముగా. అనగా చౌదరి బాప్తిస్మము పొందిన పదునేడేండ్ల తరువాత! ఆయన 1833లో అడుగువేసినపుడు క్రింద నేల లేదు. మూడవది భార్య. బంధువుల యెదిరింపువలన రాధామణి వెంటనే భర్తను చేరలేకపోయెను. తరువాతి కాలమున ఆమెయు వచ్చి భర్త మార్గమునే అవలంబించినది. అయితే ఆమె వచ్చునని కటకమున నీటిలో దిగిన దినమున ఆయన కెవరు చెప్పగలరు? నాకు ఈ ఘట్టమున ఆయనకంటె ఆమెయే గొప్పగా తోచును. ఆయన చదివి, తర్కించి, నిశ్చయించుకొని వెడలెను. ఆమె పుట్టినింటివారి నందఱిని కాదని రావలసివచ్చెను. చరిత్రకారులు ఆమెను గూర్చి రెండు పంక్తులతో సరిపెట్టిరి.

ఖర్చు పక్షమున నిన్ని పద్దులుండగా, జమ పక్షమున నేమున్నది? మా చిన్నతనమున పెద్దలు క్రైస్తవులలో కలిసినవారినందఱను దొరల రూకల కాశపడిరని ఒక్కమాటతో కొట్టివేయుచుండెడివారు. నేనును ఆ మాటనే నమ్మితిని. చౌదరికి మిషనువారి పోషణ యుండెననుట నిజమే. బోధకుల కిచ్చు స్వల్పవేతనముతో కుటుంబము సాకుకొనెను. కాని వేతనము చూచుకొనినవాడు పర్లాకిమిడి ప్రాంతమున తన చదువునకు తగిన కొలువు సంపాదించుకొని, అటు కులమును ఇటు భూమిని నిలుపుకొని సుఖముండెడివాడు. రెండు పక్కలు కూడి చూచితిని. లాభము తేలలేదు. మా పెద్దల పద్దు తప్పు.

ఆయన రచనలలో నాకు రుచింపనివియు కలవు. పూర్వమతమును, కులాచారములను ఖండించు గ్రంథములను వ్రాసెను. నాటి మతబోధకులందఱివలెనే అందు వాదపుకాక ఎక్కువ. దేవాలయమున తీర్థము పుచ్చుకొను నాబోటివానికి అవి కష్టముగనే యుండును. కులమును గూర్చి ఆయన వ్రాసినదాని సారమును మాత్రము త్రోసివేయలేను. నా అరుగుక్రింద ఒక వృద్ధుడు నిలుచుండి యుండెను గదా.

కీర్తనల మాట వేఱు. అందు వాదము లేదు. ఒక దీనుడు తన ప్రభువు వాకిట నిలిచి మొఱపెట్టుకొనుటయే కలదు. ఆయన రచించినవి 130 వరకు లెక్కింపబడినవి. ఆయన పాశ్చాత్యుల వరుసలకు తెలుగుమాటలు బిగించుటకు పూనుకొనలేదు. మన భజనకూటములలో నలిగిన రాగములను, తాళములను తీసికొనెను. పల్లవి, చరణము అను కట్టడి నుంచుకొనెను. శరణాగతిని చెప్పుటకు శతాబ్దములుగా మన భక్తులు వాడిన పదజాలమునే వాడెను. త్రాహి యనుట, నాథా యని పిలుచుట, తన దోషములను తానే యేకరువుపెట్టి దయకు చేయిచాచుట, ఇవన్నియు మనవారి పోకడలు. పరదేశమునుండి వచ్చిన మతము ఆయన నోట మన యింటిభాషయైనది. అందుచేతనే కల్లముకడ నేను మోసపోతిని.

ఆ కీర్తనలను చదువగా చదువగా నాకొక విషయము తోచెను. ఆయన దేవుని యెదుట ఎన్నడును తాను విడిచినదానిని చెప్పుకొనడు. కులము వదలితిని, భూమి వదలితిని, నాకేమిత్తువని యడుగడు. ఎల్లప్పుడు తానే బాకీదారుడు. తీర్పలేని ఋణము తనదే. రామదాసు చెఱసాలలో నుండి, చేయించిన నగలకు ఖర్చుపెట్టిన మొహరీలను రామునికే లెక్కచెప్పి నిలదీసెను. అది చనువుగల భక్తుని కోపము. ఎవరికి ప్రియము కాదు? చౌదరికి లెక్కచెప్పుటకు ఇంకను ఎక్కువ కారణము లుండెను. ఆయన ఆ పుస్తకమునే తెఱవలేదు. నలుబది యేండ్లుగా ఇతరుల బాకీలు వ్రాయువానికి, తన పావతి తాను కోరని మనుష్యుడు వింతగా కనబడుట సహజము.

మన గడ్డపై కవులకు రాజాశ్రయము పరిపాటి. గద్వాలలో కార్తీక మాఘమాసములయందు పండితులు గుమిగూడి వార్షికములు పొందెడివారు. తిరుపతి వేంకటకవులు గద్వాలకు, ఆత్మకూరునకు, వనపర్తికి వచ్చి అవధానము లొనర్చి సన్మానము లందిరి. దానిని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. సంస్థానములు లేకున్న ఈ ప్రాంతమున విద్య నిలిచియుండదు. కాని ఆశ్రయము నిచ్చిన రాజునకు కృతి యంకితమిచ్చుట ఋణము తీర్చుకొనుట యగును; అచట జమాఖర్చు సరిపడును. తన భాగవతమును రాజునకీయక రామునకిచ్చిన పోతన్నకు అది ఎన్నడును సరిపడలేదు. చౌదరియు ఆ వరుసలోనివాడే. మిషను వేతనము తీసికొన్నను ఆయన కీర్తనలు మిషనువారిని పొగడలేదు.

తరువాతి యేబది యేండ్లు ఆయన తెలుగు, ఓఢ్రదేశములయందు బోధించుచు తిరిగెను. ఆ ప్రయాణముల జాబితాతో పాఠకులకు విసుగు కలిగింపను. నడచినది చాల, నిలిచినది తక్కువ. 1890 ఆగస్టు 24వ తేదీని ఆయన గతించెను. 87 ఏండ్లు నిండుటకు 12 దినములు తక్కువ.

ఆయన కీర్తనలు మాత్రము ఆయన నడువని దారులను నడచినవి. తెలుగుదేశమున పనిచేసిన మిషనులు అనేకములు. నెల్లూరు, ఒంగోలులలో బాప్తిస్టులు, గుంటూరున లూథరనులు, మన వనపర్తి, గద్వాల ప్రాంతములయందు మెన్నొనైటు బ్రదరన్‌వారు. బాప్తిస్మము విషయమున ఒకరితో నొకరికి పొసగనివారును ఆదివారమున ఒకే పుస్తకము తెఱచి ఒకే చౌదరి కీర్తన పాడిరి. శ్రీకాకుళపు సరిహద్దున పుట్టిన పాట, ఆ ఊరి పేరైనను వినని మా పాలమూరు కూలివాని నోటికి వచ్చిన విధమిది.

ఆ పుస్తకమును నేను మూడు మాసములు నాయొద్దనే యుంచుకొంటిని. వృద్ధుడు ఒక్కసారియైనను అడుగలేదు. చదువు ముగిసిన పిదప, కబురుపెట్టి పిలిపింపక నేనే స్వయముగా తీసికొని పోతిని. పుట్టి బుద్ధెఱిగినది మొదలు పన్నుల లెక్కకేగాని ఆ గేరిలో అడుగుపెట్టినవాడను కాను. అతడు నన్ను చూచి కంగారుపడి మంచము వాల్చి, పైపంచెతో దులిపి, కూర్చుండుమని వేడుకొనెను. నీవు కూర్చున్నగాని కూర్చుండనని నేనంటిని. కొంతసేపటికి మంచపు మఱియొక కొనను కూర్చుండెను. పుస్తకము చేతికిచ్చి, ఆనాడు పాడిన కీర్తనను మఱల వినిపింపుమని కోరితిని. అతడు పుస్తకము తెఱవలేదు. అక్షరములు తనకు రావనియు, అది కుమారుని పుస్తకమనియు చెప్పి, కన్నులు మూసికొని పాడనారంభించెను.