సర్ విలియం హామిల్టన్

లోతైన నీటిలో పడవను నడుపుట గొప్ప కాదు. జానెడు నీటిలో, గులకరాళ్లమీదుగా, వడిగల ప్రవాహమున కెదురుగా నడుపుటయే గొప్ప. అట్టి పడవను లోకమున కందించినవాడు న్యూజీలండు దేశస్థుడగు హామిల్టన్.

ఆయన 1899వ సంవత్సరము జూలై 26వ తేదీని ఆ దేశపు దక్షిణ ద్వీపములో ఫెయిర్లీ పట్టణమునకు సమీపమున జన్మించెను. 1921లో ఐరిష్‌మన్ క్రీక్ అను గొఱ్ఱెల క్షేత్రమును కొని, అచ్చటనే కార్ఖానాను నెలకొల్పి, తనకు కావలసిన యంత్రములను తానే నిర్మించుకొనుచుండెను. ఏటికి ఆనకట్ట కట్టి విద్యుచ్ఛక్తిని గూడ పుట్టించెను.

ఆ ప్రాంతపు నదులు మంచుకొండలనుండి దిగివచ్చి, పెక్కు పాయలై, రాళ్లమీద పలుచగా పారును. మామూలు మోటారుపడవ క్రింద తిరుగు రెక్కలచక్రము ఆ రాళ్లకు తగిలి విరిగిపోవును. కావున నీటిలోనికి ఏ భాగమును చొచ్చుకొని రాని పడవ కావలసివచ్చెను.

1954 ప్రాంతమున ఆయన పడవలో ఒక పంపు నమర్చెను. అది అడుగునుండి నీటిని పీల్చి వెనుకకు వడిగా చిమ్మును. ఆ ఊపున పడవ ముందునకు సాగును. దీనికి చుక్కాని యక్కరలేదు. నీటిధారను కుడివైపునకు మరల్చినచో వెనుకభాగము ఎడమకు జరిగి, ముందుభాగము కుడికి తిరుగును. ధారకు అడ్డుగా మూతను దించి దానిని ముందునకు త్రిప్పినచో పడవ వెనుకకు నడచును.

మొదట ధారను పడవ క్రింద, నీటిలోపలనే విడిచిరి, వేగము చాలదయ్యెను. పిమ్మట దానిని నీటిమట్టమునకు కొంచెము పైగా విడువగా వేగము హెచ్చెను. మార్పు చిన్నది, ఫలము పెద్దది.

1960లో ఆయన పడవలు అమెరికాలోని కొలరాడో నదిలో, గ్రాండ్ కాన్యన్ అను మహాలోయగుండా ఎదురెక్కెను. వానిని నడిపినవారిలో ఆయన కుమారుడు జాన్ ముఖ్యుడు. 1974లో హామిల్టనునకు సర్ బిరుదము లభించెను. 1977లో ఎవరెస్టు వీరుడగు హిల్లరీ అట్టి పడవలలోనే మన గంగానదిని సముద్రమునుండి నందప్రయాగ సమీపమువరకు ఎక్కెను. మరుసటి సంవత్సరము మార్చి 30వ తేదీని హామిల్టన్ పరమపదించెను.

ఇంతటి కీర్తి కలిగినను, ఈ పడవను కనిపెట్టినవాడను నేనే యని ఆయన యెన్నడును చెప్పుకొనలేదు. ఆ ఘనతను ప్రాచీన గ్రీకు పండితుడగు ఆర్కిమెడీసున కిచ్చెను.

విద్యార్థులారా! నదిని లోతు చేయుట ఆయన వశము కాదు. పడవను మార్చుట వశమైనది. మీ దారిలో నీరు తక్కువైనపుడు ఈ సంగతిని జ్ఞప్తికి దెచ్చుకొనుడు.