యల్లాప్రగడ సుబ్బారావు

వైద్యశాస్త్ర పరిశోధకులు యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురైనందున ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అమెరికా చేరి, ఆసుపత్రిలో చిరుద్యోగం చేస్తూ హార్వర్డులో పరిశోధనలు సాగించారు. నాడు భారతీయులకు అచ్చట పౌరసత్వం లభించేది కాదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఆ సమాజపు దృష్టి మారసాగింది. 1946లో నూతన చట్టం ఆ నిషేధాన్ని తొలగించింది. ఆ కాలంలోనే సుబ్బారావుగారి నేతృత్వంలో లెడర్లీ ప్రయోగశాల నుండి వెలువడిన ఆరియోమైసిన్ అమెరికా గృహాలలో అంటువ్యాధుల భీతిని తగ్గించింది. హెట్రజాన్ బోదకాలుతో బాధపడిన మన కోస్తా పల్లెలకు ఔషధమయింది. 1948 ఆగస్టులో ఆయన పరమపదించారు. చట్టం ద్వారం తెరచినా ఆయన అమెరికా పౌరులు కాలేదు. ఆయన ఔషధాలకు మాత్రం ఏ దేశపు ఎల్లలూ అడ్డు కాలేదు.