పొట్టివాడు గట్టివాడు: డేవీ ఓబ్రయన్ జీవితం

భారీకాయులకే తగినదని పేరుపడిన క్రీడలో ఒక వామనమూర్తి అగ్రస్థానం అందుకొన్న వృత్తాంతమిది.

అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలిచే ఆట మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. బంతి అండాకారంలో ఉంటుంది. దానిని కాలితో తన్నడం కన్న చేతపట్టి పరుగెత్తడం, విసరడం అధికం. పక్షానికి 11 మంది. వారిలో క్వార్టర్‌బ్యాక్ సేనాని వంటివాడు. ప్రత్యర్థులు పైబడి తనను నేల కూల్చేలోగా బంతిని ఎవరికి, ఎటు అందించాలో అతడు నిశ్చయించాలి.

డేవీ ఓబ్రయన్ 1917 జూన్ 22న టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్ నగరంలో జన్మించాడు. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. బరువు సుమారు 150 పౌనులు. ఫోర్ట్‌వర్త్‌లోని టెక్సాస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయంలో అతడు చేరేనాటికి అక్కడ శామ్మీ బా అనే మేటి క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు. 1936లో ఓబ్రయన్ అతని చాటున ఉండి ఆట నేర్చాడు. 1937లో బాధ్యత తనపై పడింది. ఆ ఏడు జట్టు గెలిచినవి 4, ఓడినవి 4, సమమైనవి 2.

అంతటితో అతడు వెనుదీయలేదు. శిక్షకుడు డచ్ మేయర్ నాయకత్వంలో 1938లో ఆ జట్టు ఆడిన 10 పందేలూ గెలిచింది. కళాశాల క్రీడాకారులకు లభించే అత్యున్నత గౌరవమైన హైస్‌మన్ బహుమానం ఆ సంవత్సరం ఓబ్రయన్‌ను వరించింది. 1939 జనవరి 2న న్యూ ఆర్లియన్స్‌లో కార్నెగీ టెక్ జట్టును 15-7తో ఓడించడంతో జాతీయ విజేతల సాధన సంపూర్ణమైంది.

పిమ్మట అతడు ఫిలడెల్ఫియా ఈగిల్స్ అనే వృత్తి జట్టులో చేరాడు. తొలి ఏడే బంతి విసరి 1,324 గజాలు సాధించి, పూర్వం బా నెలకొల్పిన రికార్డును అధిగమించాడు. కాని జట్టు దుర్బలమైనది. రెండు సంవత్సరాలలోనూ ఏటికి ఒక్క గెలుపే దక్కింది. 1940 డిసెంబరు 1న వాషింగ్టన్ జట్టుతో ఆడిన కడపటి పందెంలో అతడు 60 సార్లు బంతి విసరగా 33 సార్లు తనవారికి చేరింది. ఆనాటికి అదొక రికార్డు. అయినా జట్టు ఓడింది. ఆ ఎదుటి పక్షంలో ఉన్నవాడు బా!

23 ఏళ్ల ప్రాయంలో, చేయి వాడి తగ్గకముందే, ఓబ్రయన్ క్రీడారంగాన్ని విడిచాడు. కేంద్ర నేరపరిశోధక సంస్థ అయిన ఎఫ్.బి.ఐ.లో చేరి 10 సంవత్సరాలు కొలువు చేశాడు. తోటి ఉద్యోగులకు తుపాకీ గురి నేర్పే శిక్షకుడైనాడు. ఆపైన చమురు వ్యాపారంలో ప్రవేశించాడు. 1977 నవంబరు 18న క్యాన్సర్ వ్యాధితో మరణించాడు.

1981 నుండి ఏటేటా దేశంలోని ఉత్తమ కళాశాల క్వార్టర్‌బ్యాక్‌కు ఇచ్చే బహుమానం అతని పేరనే ఉన్నది. దానిని అందుకొన్నవారిలో పలువురు అతనికన్న ఎంతో పొడగరులు. ఆటస్థలంలో పిల్లలను ఎంచుకొనే ఉపాధ్యాయుడు వరుస చివర నిలిచిన చిన్నవాని వైపు కూడ ఒకసారి చూడవలెనని ఈ జీవితం గుర్తుచేస్తుంది.