ద్వారం వెంకటస్వామినాయుడుగారు

తూర్పు కనుమలకును సముద్రమునకును నడుమ నున్న విజయనగరము విద్యలకు పుట్టినిల్లు. అందలి సంగీత కళాశాలకు దేశమంతట కీర్తి తెచ్చిన ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు.

వారు 1893 నవంబరు 8వ తేదీన బెంగుళూరులో జన్మించి, విశాఖపట్టణములో పెరిగిరి. చిన్ననాటనుండియు వారికి చూపు మందము. పాఠశాలలో నల్లబల్లమీది అక్షరములు కనబడక చదువు నడుమనే ఆగిపోయెను. అయినను వారు కుంగిపోలేదు. అన్నగారగు వెంకటకృష్ణయ్యగారియొద్ద ఫిడేలు నేర్చి, కన్నులు చేయలేని పనిని చెవులకును వ్రేళ్లకును అప్పగించి సాధన చేసిరి.

1919లో విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల వెలసెను. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. నాయుడుగారు అందు విద్యార్థిగా చేరగోరి వచ్చిరి. పరీక్షలో వారి వాదనము విన్న పెద్దలు, శిష్యుడు కావచ్చినవాడు గురువు కాదగినవాడని గ్రహించి, ఆచార్యపదవి నొసగిరి. 1936లో వారే ఆ కళాశాలకు అధ్యక్షులైరి.

ఆ కాలమున ఫిడేలు గాయకుని పాట ననుసరించు పక్కవాద్యముగానే ఎక్కువగా ఎన్నబడుచుండెను. నాయుడుగారు దానితోనే నిండు కచేరీలు చేసి, ఆ వాద్యమునకు గౌరవస్థానము కల్పించిరి. 1941లో మదరాసు మ్యూజిక్ అకాడమీవారు వారిని సంగీత కళానిధి బిరుదముతో సత్కరించిరి. 1957లో భారత ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చెను. 1964 నవంబరు 25వ తేదీన వారు పరమపదించిరి.

నల్లబల్ల చూడలేక బడి విడిచిన బాలుడే ఎందరికో విద్య గరపిన ఆచార్యుడయ్యెను. పట్టుదలగలవానికి ఒక ద్వారము మూసికొనినను మరియొకటి తెరచుకొనును.