కంప్యూటర్ రాధానాథ్ సిక్దార్

కోల్‌కతాలోని ఖిదిర్‌పూర్ అనగానే సాహిత్యాభిమానులకు మైకేల్ మధుసూదన్ దత్ గుర్తొస్తారు. ఆ పేటలో పెరిగిన కవి చదివిన హిందూ కాలేజీలోనే, ఆయనకంటే కొన్నేళ్ల ముందు రాధానాథ్ సిక్దార్ (1813-1870) గతిశాస్త్రం నేర్చుకున్నారు. గురువు జాన్ టైట్లర్, పుస్తకం న్యూటన్ ‘ప్రిన్సిపియా’. దాన్ని చదివిన తొలి భారతీయుల్లో ఆయనొకరు.

1831 డిసెంబరులో నెలకు 30 రూపాయల జీతంతో గ్రేట్ ట్రిగొనోమెట్రికల్ సర్వేలో చేరారు. ఉద్యోగం పేరు కంప్యూటర్! అప్పట్లో ఆ మాటకు అర్థం యంత్రం కాదు, లెక్కలు కట్టే మనిషి. దూరం నుంచి కొలిచిన కోణంలోంచి శిఖరం ఎత్తు రాబట్టాలంటే, గాలిలో కాంతి వంగడాన్నీ భూమి వంపునూ లెక్కలోంచి తీసేయాలి. అదంతా కాగితం మీదే.

ఎవరెస్ట్ ఎత్తును కనిపెట్టి, పై అధికారి గదిలోకి పరుగెత్తుకెళ్లి చెప్పారన్న కథ అందరికీ ఇష్టమే, ఆధారమే లేదు. ఆ లెక్కలో ఆయన వాటా ఎంతన్నదానిపై నేటికీ వాదన ఉంది.

వాదన అక్కర్లేని సంగతులున్నాయి. 1843లో డెహ్రాడూన్‌లో సర్వే కూలీలతో మేజిస్ట్రేట్ వెట్టిగా సామాను మోయిస్తుంటే, ఆ సామానే ఆపేశారు. 200 రూపాయల జరిమానా పడింది. 1851 నాటి సర్వే మాన్యువల్‌లోని సాంకేతిక అధ్యాయాలు ఆయనవేనని ముందుమాట ఒప్పుకొంది. ఆయన పోయాక, 1875 ముద్రణలో అధ్యాయాలు ఉన్నాయి, పేరు లేదు. దాన్ని పత్రికలో తప్పుబట్టిన సర్వే అధికారి మెక్‌డొనాల్డ్‌కు శిక్ష పడింది.