కులమడిగిన సభ: జాషువ జీవితము

మహాకవి గుఱ్ఱం జాషువ 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించినారు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. ఇంటి మతము క్రైస్తవము. ఇరుపక్షములవారికిని ఆ బాలుడు పరాయివాడే. యౌవనమున ఒక అవధాన సభలో పద్యములు చదువగా, తక్కువ కులమువానిని లోనికెట్లు రానిచ్చితిరని కొందరు అవమానించినారు. పద్యమెట్లున్నదను ప్రశ్నయే వారికి కలుగలేదు. హిందూ గాథలను కావ్యములుగా వ్రాయుచున్నాడని క్రైస్తవ మతాధిపతులును వెలివేసినారు. మనిషిని ఎరుగకమునుపే ముద్రవేయు అలవాటు అన్ని మతములవారికిని కలదు. మనలో లేదని మేమనజాలము.

1941లో వెలువడిన గబ్బిలమున ఒక పేద అరుంధతీయుడు తన మొరను కాశీలోని శివునికి విన్నవింపుమని గబ్బిలమును పంపును. గుడిలోనికి అతనికి ప్రవేశము లేదు, గబ్బిలమునకు కలదు! మన కంఠేశ్వరములో నీలకంఠేశ్వరాలయము మీదుగా పోవునపుడు మాకు ఆ గబ్బిలమే స్ఫురించును.

అంతకుముందే, 1932లో, ఫిరదౌసి వ్రాసినారు. షానామాకు బంగారు నాణెములిత్తునన్న గజనీ మహమ్మదు వెండి నాణెములు పంపిన కథ అది. పారసీక ముస్లిము కవి గుండెకోతను తెలుగు పద్యమున వినిపించినది ఒక క్రైస్తవ దళితుడు. ముస్లిములమై తెలుగు బోధించుచున్నామని విని నేటికిని కొందరు విస్తుపోవుదురు. వారికి ఈ కావ్యము పేరు చెప్పి ఊరకుందుము.

సభలో అవమానమందిన ఆ కవి కాలికే చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు స్వయముగా గండపెండేరము తొడిగినారు. క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి, 1970లో పద్మభూషణ్ లభించినవి. 1971 జులై 24న గుంటూరులో కన్నుమూసినారు.

ఉర్దూ మాధ్యమ విద్యార్థులు ఫిరదౌసితో మొదలుపెట్టవచ్చును. కఠిన పదములున్నచో మమ్ము అడుగుడు.