పిఠాపురం కవిగారు ఢిల్లీ సభలో

పిఠాపురం అనగానే మనకి ముందు పాదగయ, కుక్కుటేశ్వరస్వామి గుడి గుర్తొస్తాయి. ఆ ఊళ్ళోనే 1885 ఫిబ్రవరి 28న ఓ సూఫీ గురువుల ఇంట ఉమర్ ఆలీషాగారు పుట్టారు. తండ్రి మొహియుద్దీన్ బాద్‌షా, తల్లి చాంద్‌బీబీ. ఇంటి చదువు అరబ్బీ, పారశీకం. ఊళ్ళో చూస్తే ఎక్కడ విన్నా తెలుగు పద్యమే! కుర్రవాడు దేన్నీ వదల్లేదు, సంస్కృతం కూడా పట్టాడు.

ఇక రాయడం మొదలుపెడితే నాటకాలు, కావ్యాలు, నవలలు. అత్రి మహాముని ఇల్లాలి కథని 'అనసూయాదేవి' నాటకంగా రాశారు. 'మహాభారత కౌరవరంగము' రాశారు. ఆ చేత్తోనే మహమ్మదు ప్రవక్త చరిత్ర రాశారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారశీకం నుంచి తిన్నగా తెలుగు చేశారు. అలాగని తన మతం వదిలేసిన మనిషి కాదు. తండ్రి తర్వాత పీఠానికి గురువయ్యారు. శిష్యుల్లో హిందువులూ ఉండేవారు. ఆడపిల్లలు చదువుకోవాలని ఆ రోజుల్లోనే చెప్పేవారు.

1934 ఎన్నికల్లో ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు ఉత్తర మద్రాసు ముస్లిం స్థానం నుంచి గెలిచారు. అప్పటి పద్ధతి ఇప్పటి వాళ్ళకి వింతగా ఉంటుంది. 1909 సంస్కరణల నుంచీ ముస్లింలకి వేరే నియోజకవర్గాలు. ముస్లిం అభ్యర్థికి ముస్లింలే ఓటెయ్యాలి, అదీ ఆస్తీ పన్నూ ఉన్నవాళ్ళే. ఆడవాళ్ళ ఓట్లు వేళ్ళమీద లెక్కే. ఆయన పద్యానికి పొంగిపోయే పొరుగింటి హిందువుకి ఆయనకి ఓటు వేసే వీల్లేదన్నమాట!

అలాంటి చోట తన వాళ్ళని రెచ్చగొట్టి గెలవడం ఎవరికైనా తేలిక. మరి ఆ ముస్లిం ఓటర్లు పురాణ నాటకాలు రాసిన మనిషిని ఎన్నుకున్నారు. నాకు ఆయన పుస్తకాలన్నిటికంటే ఇదే పెద్ద సంగతిగా కనిపిస్తుంది. ముస్లిం కుర్రాళ్ళకి ప్రజాస్వామ్యం మీద నమ్మకముందా, పరమత సహనముందా అని ఇప్పుడు పరీక్ష పెట్టేవాళ్ళు ఆ ఓటర్ల సంగతి ఎత్తరేం?

యుద్ధం వల్ల ఎన్నికలు వాయిదా పడుతూ వచ్చాయి. ఆలీషాగారు ఆ సభలో సభ్యులుగా ఉండగానే, 1945 జనవరి 23న గోదావరి ఒడ్డున నరసాపురంలో కన్నుమూశారు. వేరు నియోజకవర్గాలు వద్దని 1947లో రాజ్యాంగ సభ తీర్మానించింది. 1952 ఎన్నికల్లో మన జిల్లాల హిందువులూ ముస్లింలూ, ఆడా మగా, అంతా కలిసి చట్టసభలకి ఓటేశారు. ఆయన పోయి అప్పటికి ఏడేళ్ళు.